చీర, బ్లౌజ్ షాపులో ఒకే రంగు, బాల్కనీలో రెండు రంగులు: మోసమా, వెలుగా?

మీ పోస్టులో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. టీ నగర్‌లో వంకాయ రంగు పట్టుచీర కొన్నారు. అక్కడే ఒక మ్యాచింగ్ సెంటర్‌లో దానికి టూ బై టూ బ్లౌజ్ గుడ్డ తీసుకున్నారు. కౌంటర్ మీద పెట్టి చూస్తే రెండూ ఒకటే. మర్నాడు పొద్దున బాల్కనీలో చూస్తే చీర వంకాయ రంగులోనే ఉంది, బ్లౌజ్ మాత్రం ఎరుపు తిరిగింది. షాపువాళ్లు మోసం చేశారా అన్నది మొదటి ప్రశ్న. ఏడు రంగులు కలిస్తే తెలుపు అని పుస్తకంలో ఉంటే, నా వాటర్ కలర్స్ అన్నీ కలిపితే బురద ఎందుకొచ్చింది అని మీ అబ్బాయి అడిగింది రెండోది. అసలు ఆ బ్లౌజ్ నిజమైన రంగు ఏది అన్నది మూడోది.

నేను చెన్నైలో అద్దకం ల్యాబ్‌లో షేడ్ మ్యాచింగ్ పని చేస్తాను. రోజంతా రెండు గుడ్డముక్కలు పక్కపక్కన పెట్టి చూడటమే ఉద్యోగం. మీ మొదటి ప్రశ్నకు జవాబు: మోసం జరగలేదు. ఆ కౌంటర్ దగ్గర షాపువాడికీ రెండూ ఒకేలా కనిపించి ఉంటాయి. మిగిలిన జవాబంతా ఇలా ఎందుకు జరుగుతుందన్నదాని గురించే.

న్యూటన్ 1660ల్లో పట్టకంతో (ప్రిజంతో) చేసిన ప్రయోగం అందరికీ తెలుసు. కిటికీకి చిన్న రంధ్రం, ఎండపొడ, ఎదుటి గోడ మీద రంగుల పట్టీ. 1672లో దాన్ని రాయల్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించాడు. బడిలో చెప్పనిది ఇంకొకటుంది. ఆయన మొదట ఐదు రంగులే లెక్కపెట్టాడు. నారింజ, ఇండిగో తర్వాత చేర్చి ఏడు చేశాడు, సంగీతంలో స్వరాలు ఏడు కాబట్టి రంగులూ ఏడుంటే బాగుంటుందని. నిజానికి ఆ పట్టీలో ఎక్కడా గీత లేదు. వెలుగు తరంగం పొడవును నానోమీటర్లలో కొలుస్తారు; సుమారు 400 నానోమీటర్ల దగ్గర ఊదాతో మొదలై 700 దగ్గర ముదురు ఎరుపుతో ఆగే దాకా రంగు కొంచెం కొంచెంగా మారుతూనే ఉంటుంది. ఏడు అనేది మనం పెట్టుకున్న లెక్క, పరీక్షలో మార్కుల కోసం తప్ప పెద్దగా పట్టించుకోవక్కర్లేదు. కిరణాలకు సొంతంగా రంగు లేదనీ, మనలో రంగు అనే అనుభవాన్ని కలిగించే గుణం మాత్రమే వాటికి ఉందనీ కూడా న్యూటనే 1704లో రాశాడు. నా ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది.

ఏడు రంగులూ కలిస్తే తెలుపు వస్తుందన్నది నిజమే. తెలుపు రావాలంటే ఏడూ ఉండి తీరాలన్నది మాత్రం నిజం కాదు. న్యూటన్ పేపర్ వచ్చిన మరుసటి ఏడాదే డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ అడిగాడు, పసుపు, నీలం రెండే కలిపినా తెలుపు రావచ్చు కదా అని. ఆ అనుమానం సరైనదే. ఈ రోజు మీ ఇంట్లో, ఆ షాపులో వెలిగే ఎల్‌ఈడీ పనిచేసేది దాదాపు అలాగే.

ఇది కంటి వెనక ఏం జరుగుతుందో చూస్తే అర్థమవుతుంది. రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, రంగును గుర్తించే శంకు కణాలు సుమారు 60 లక్షలు, కానీ రకాలు మాత్రం మూడే. ఒక రకం 440 నానోమీటర్ల దగ్గర, రెండోది 540 దగ్గర, మూడోది 565 దగ్గర ఎక్కువగా స్పందిస్తాయి. వాటిని నీలం, ఆకుపచ్చ, ఎరుపు శంకువులని పిలవడం అలవాటైపోయింది గానీ, ఆ మూడోదాని శిఖరం ఉన్నది పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర. రెండో రకానికీ మూడో రకానికీ మధ్య తేడా చాలా తక్కువ. రెండూ ఒకే వెలుగుకు దాదాపు ఒకేలా స్పందిస్తాయి. వాటి మధ్య ఉండే ఆ సన్నని తేడాలోంచే మెదడు ఎరుపు, నారింజ, పసుపు, చిలకపచ్చ అన్నీ విడదీస్తుంది. ఆశ్చర్యమే.

అసలు కిటుకు ఇక్కడుంది. ఏ శంకువైనా తాను ఎంత వెలుగు పట్టుకుందో చెప్పగలదు. ఆ వెలుగు ఏ నానోమీటరుదో చెప్పలేదు. అంటే బయట నుంచి వచ్చే వెలుగులో ఎన్ని వందల తరంగాలు కలిసి ఉన్నా, కన్ను వాటిని మూడు మొత్తాలుగా మార్చి మెదడుకు పంపిస్తుంది. మిగతా సమాచారమంతా అక్కడే పోతుంది. స్కూల్లో ఇద్దరు పిల్లలకు సబ్జెక్టుల్లో మార్కులు వేరువేరుగా వచ్చినా టోటల్ ఒకటే కావచ్చు కదా. టోటల్ మాత్రమే చూసేవాళ్లకు ఇద్దరూ సమానమే. కంటికి తెలిసేది అలాంటి మూడు టోటల్స్ మాత్రమే. పొద్దుటి ఎండ, ఎల్‌ఈడీ, ట్యూబ్‌లైట్ లోపల ఒకదానితో ఒకటి పోలిక లేని మిశ్రమాలైనా, మూడు టోటల్స్ దగ్గరగా వస్తే చాలు, మూడూ తెలుపే అంటుంది కన్ను.

ఇప్పుడు ఎల్‌ఈడీ సంగతి. తెల్ల ఎల్‌ఈడీలో తెల్లగా వెలిగేదేదీ లేదు. లోపలున్న చిప్ 450 నానోమీటర్ల దగ్గర నీలం వెలుగు ఇస్తుంది. దాని మీద పూసిన పసుపుపచ్చని ఫాస్ఫర్ పొర ఆ నీలంలో చాలా భాగాన్ని పీల్చుకుని, ఆకుపచ్చ నుంచి నారింజ దాకా వెడల్పుగా పరుచుకునే పసుపు వెలుగుగా మార్చి వదులుతుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిసి మన కంటికి తెలుపు. ఆ నీలం చిప్ కోసం ప్రపంచం చాలా ఏళ్లు కాచుకుంది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు అంతకు ముందు నుంచే ఉన్నాయి, నీలం లేకే తెల్ల దీపం ఆగిపోయింది.

కానీ ఈ వెలుగులో రెండు లోటులున్నాయి. నీలం శిఖరానికీ పసుపు గుట్టకూ మధ్య, 480 ప్రాంతంలో, పెద్ద పల్లం. రెండోది, 650 దాటాక ముదురు ఎరుపు బాగా పలచబడిపోతుంది. ఎండలో ఈ రెండు లోటులూ లేవు. నమ్మకం కుదరకపోతే పాత సీడీ ఒకటి తీసుకుని దాని మెరిసే వైపున ఎల్‌ఈడీ బల్బు వెలుగును వాలుగా చూడండి. నీలం తర్వాత నల్లబడినట్టు ఒక ఖాళీ కనిపిస్తుంది. పాత ఫిలమెంట్ బల్బును అలాగే చూస్తే ఖాళీ ఏమీ లేకుండా పట్టీ అంతా కలిసే ఉంటుంది. సన్న ట్యూబ్‌లైట్‌నైతే ఆకుపచ్చ, ఎరుపు విడివిడి చారలుగా చూపిస్తుంది. మీ అబ్బాయికి ఇది పుస్తకం కన్నా బాగా నచ్చుతుంది. (సీడీలో సూర్యుణ్ణి మాత్రం చూడనివ్వకండి.)

ఇక మీ బ్లౌజ్. పట్టుకు వేసే రంగులు వేరు, నూలుకు వేసే రంగులు వేరు. పట్టు జంతువు నుంచి వచ్చిన ప్రోటీన్, దానికి ఎక్కువగా యాసిడ్ డైలు వాడతారు. టూ బై టూ నూలు గుడ్డ, దానికి రియాక్టివ్ డైలో వ్యాట్ డైలో వాడతారు. రసాయనాలు వేరు కాబట్టి ఏ తరంగాన్ని ఎంత మింగుతుంది, ఎంత వెనక్కి పంపుతుంది అన్న లెక్క రెంటికీ వేరు. షాపు ఎల్‌ఈడీ కింద రెంటి మూడు టోటల్స్ కుదిరాయి, మీకు ఒకే వంకాయ రంగు కనిపించింది. నూలు మీద వేసే నీలం, ఊదా డైలలో చాలావాటికి ఒక గుణం ఉంది: ముదురు ఎరుపును మింగకుండా వదిలేస్తాయి. ఎల్‌ఈడీలో ఆ ముదురు ఎరుపు పెద్దగా లేదు కాబట్టి ఆ గుణం బయటపడలేదు. ఎండలో అది నిండుగా ఉంది, బ్లౌజ్ దాన్ని వెనక్కి కొట్టింది, మీకు ఎరుపు తిరిగినట్టు కనిపించింది. గుడ్డను చేత్తో చూడకుండా చెబుతున్నాను గానీ, వంకాయ, నేవీ బ్లూ, బ్రౌన్, గ్రే షేడ్లలో చాలాసార్లు ఇదే జరుగుతుంది. ఫిలమెంట్ బల్బు కింద పెట్టి చూడండి, ఇంకా ఎర్రగా కనిపిస్తే నా అనుమానం నిజమన్నట్టే.

ఈ జబ్బుకు మా దగ్గర పేరు మెటామెరిజం. తిరుప్పూరు నుంచి బట్టలు ఎగుమతి చేసేవాళ్లకు దీని గురించి ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు. కాలర్ ఒక రంగు, బాడీ ఒక రంగు అని యూరప్ షాపులో తేలితే సరుకంతా వెనక్కి. అందుకే ల్యాబ్‌లో లైట్ బాక్స్ అని ఒక పెట్టె ఉంటుంది. లోపల గోడలన్నీ గ్రే రంగు. అందులో స్విచ్ నొక్కితే పగటి వెలుగుకు ప్రమాణమైన డీ65, ఇంకో స్విచ్‌కు యూరప్ షాపుల ట్యూబ్‌లైట్ టీఎల్84, మరోదానికి పసుపు బల్బు వెలుగు. గుడ్డ మూడింటి కిందా మాస్టర్ శాంపుల్‌తో కలిస్తేనే పాస్. స్పెక్ట్రోఫోటోమీటర్ అనే మెషీన్ ఏ నానోమీటరు దగ్గర ఎంత వెనక్కి వస్తోందో గ్రాఫ్ గీసి ఇస్తుంది. రెండు గుడ్డల గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పడితే ఇక ఏ దీపం కిందైనా ఒకటే. గ్రాఫులు రెండు మూడు చోట్ల ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతే, ఎక్కడో ఒక వెలుగులో విడిపోతాయి. ఆ పని చేసేవాళ్ల కళ్లకూ పరీక్ష ఉంటుంది, హండ్రెడ్ హ్యూ టెస్ట్ అని. పేరుకు హండ్రెడ్, వరసలో పేర్చాల్సిన బిళ్లలు మాత్రం 85.

మీ అబ్బాయి బురద విషయం. దీపాలు కలిపితే వెలుగుకు వెలుగు తోడవుతుంది. పెయింట్లు కలిపితే మింగేవాటికి ఇంకో మింగేది తోడవుతుంది. పసుపు పెయింట్ నీలాన్ని మింగుతుంది, నీలం పెయింట్ ఎరుపును మింగుతుంది, రెండూ అంతగా ముట్టుకోనిది ఆకుపచ్చ కాబట్టి పచ్చ కనిపిస్తుంది. ఏడూ కలిపితే ప్రతి తరంగాన్నీ ఏదో ఒకటి మింగుతుంది, చివరికి బురద. ప్రింటింగ్‌లో సయాన్, మెజెంటా, పసుపు మూడూ కలిపితే సిద్ధాంతం ప్రకారం నలుపు రావాలి, కానీ సిరాల్లో ఏదీ సంపూర్ణం కాదు, మురికి బ్రౌన్ వస్తుంది. అందుకే నలుపు సిరా విడిగా పెడతారు.

దీనికి ఇంట్లోనే చక్కటి సాక్ష్యం పారాణి. పసుపులో ఉండే కర్క్యుమిన్ నీలం, ఊదా వెలుగును మింగుతుంది, అందుకే మనకు పసుపు కనిపిస్తుంది. దానికి సున్నం కలపగానే క్షారం వల్ల ఆ అణువులో మార్పు వచ్చి, మింగే చోటు ఆకుపచ్చ వైపు జరుగుతుంది. ఇప్పుడు మిగిలేది ఎరుపు. ఎర్ర రంగు మనమేమీ కలపలేదు, సున్నం తెల్లగానే ఉంది. మారింది మింగుడు మాత్రమే.

ఇంకో పని చేయమనండి. ఫోన్‌లో పసుపు రంగు బొమ్మ పెట్టి స్క్రీన్ మీద ఒక చిన్న నీటి చుక్క వేయమనండి. చుక్క భూతద్దంలా పనిచేస్తుంది. లోపల కనిపించేవి ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు మాత్రమే. పసుపు తరంగం అన్నది స్క్రీన్‌లో ఎక్కడా లేదు. ఎర్ర, పచ్చ చుక్కలు కలిసి కంటిలో ఇచ్చే టోటల్స్, నిమ్మపండు నుంచి వచ్చే టోటల్స్ ఒకటే కావడం వల్ల మనకు నిమ్మపండు కనిపిస్తుంది. టీవీ, ఫోన్, సినిమా తెర అన్నీ కంటికున్న ఈ లోటు మీదే బతుకుతున్నాయి. భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1861లో లండన్‌లో మూడు ఫిల్టర్లతో తీసిన మూడు ఫొటోలను ఒకే తెర మీద వేసి, రంగుల రిబ్బన్ బొమ్మ చూపించినప్పటి నుంచీ ఇదే కథ.

రాణి కలర్ గురించి చెప్పకుండా ఉండలేను. చీరల షాపులో ఎక్కువ మంది అడిగే రంగుల్లో ఒకటి. ఇంద్రధనుస్సులో మాత్రం లేదు. ఒక చివర ఎరుపు, ఇంకో చివర నీలం, మధ్యలో ఆకుపచ్చ లేకుండా ఒకేసారి కంట్లో పడితేనే రాణి కలర్. ఒక్క తరంగంతో దాన్ని పుట్టించడం ఎవరి వల్లా కాదు. మీ వంకాయ రంగుది కూడా చాలావరకు ఇదే వంశం. రెండు చివరలనూ కలుపుకుని పుట్టే రంగు కాబట్టే, దీపంలో ఏ చివర తగ్గినా షేడ్ రెండో వైపు జారుతుంది. ఇలాంటి రంగులకు మ్యాచింగ్ దొరకడం కష్టమని మ్యాచింగ్ సెంటర్లలో అనుభవమున్నవాళ్లకు బాగా తెలుసు.

ఇక "నిజమైన రంగు ఏది" అన్నదానికి వద్దాం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వెలుగుతో పని లేకుండా చీరకు రంగు ఉండదు. చీరకున్నది ఆ గ్రాఫ్ మాత్రమే, ఏ తరంగాన్ని ఎంత వెనక్కి పంపుతుందన్న లెక్క. రంగు పుట్టాలంటే ఆ లెక్క, దీపం, చూసే కన్ను మూడూ కావాలి. "ఎండలో కనిపించిందే అసలు రంగు" అని అందరం అంటాం. అది మనుషులు చేసుకున్న ఒప్పందం. మంచి ఒప్పందమే, ఎందుకంటే పగటి వెలుగులో లోటు తరంగాలు లేవు.

అయితే ఏ ఎండ? మిట్టమధ్యాహ్నపు ఎండ ఒక రంగు, సాయంత్రం ఎండ ఇంకో రంగు, నీడ వేరే రంగు. గాలి అణువులు నీలాన్ని ఎరుపు కన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. నీడలో మన మీద పడేది ఎక్కువగా ఆ చెదిరిన ఆకాశపు వెలుగే, అందుకే నీడ నీలంగా ఉంటుంది. ఈ చెదరడం మీద పనిచేసిన సి.వి. రామన్ చిన్నప్పుడు చదివింది విశాఖపట్నంలో, కాలేజీ ఇక్కడి మెరీనా ఎదుటి ప్రెసిడెన్సీలో. 1921లో ఓడ ప్రయాణంలో సముద్రపు నీలం చూసి, అది ఆకాశపు ప్రతిబింబం మాత్రమే కాదు, నీటి అణువులు కూడా వెలుగును చెదరగొడుతున్నాయని తేల్చాడు. బెంగళూరులో గడిపిన చివరి దశలో ఆయన ఆసక్తి పువ్వుల రంగుల మీదికి, కంటిచూపు మీదికి మళ్లింది.

రంగు చూడటానికి ఉత్తరం కిటికీ మంచిదని యూరప్ చిత్రకారుల నుంచి వచ్చిన సలహా ఒకటుంది, నేరుగా ఎండ పడదు కాబట్టి. చెన్నైలో దీన్ని గుడ్డిగా నమ్మకండి. మనం 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరం కిటికీ దగ్గర గుడ్డ పెడితే ఎండే పడుతుంది.

మెదడు కూడా ఊరుకోదు. పసుపు బల్బు కింద తెల్లకాగితం మీకు తెల్లగానే కనిపిస్తుంది, ఫోన్ కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఆపేసి ఫొటో తీస్తే అదే కాగితం నారింజ రంగు. దీపం రంగు ఎంతో మెదడు అంచనా వేసి దాన్ని తీసేస్తుంది. 2015లో ఒక గౌను ఫొటో ఇంటర్నెట్‌ను రెండుగా చీల్చింది గుర్తుందా, నీలం-నలుపు అని కొందరు, తెలుపు-బంగారం అని కొందరు? ఆ గౌను నీలం-నలుపే. ఫొటోలో దీపం ఎలాంటిదో తెలియక ఒక్కో మెదడు ఒక్కో అంచనా వేసింది. ఈ సర్దుబాటు మీకు రోజంతా మేలే చేస్తుంది. కానీ అది దీపం మొత్తం రంగును సర్దగలదు, ఎల్‌ఈడీలో లేని ముదురు ఎరుపును పుట్టించలేదు. అందుకే మీ చీర, బ్లౌజ్ తేడాను అది దాచలేకపోయింది. ఇంకోటి, పది ఎర్రచీరలు వరసగా చూశాక కన్ను అలిసిపోయి తర్వాతి చీరలో పచ్చదనం ఎక్కువ చూపిస్తుంది. మధ్యలో కాసేపు బూడిద రంగు గోడ మీదికో నేల మీదికో చూపు తిప్పండి.

పంచెల తెలుపు వేరే కథ, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. డిటర్జెంట్లలో కలిపే బ్రైటెనర్లు కంటికి కనిపించని అతినీలలోహిత వెలుగును పీల్చుకుని నీలంగా వదులుతాయి, అందుకే కొత్త పంచె ఎండలో కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. మామూలు ఎల్‌ఈడీలో ఆ అతినీలలోహితం దాదాపు ఉండదు కాబట్టి అదే పంచె షాపులో కాస్త డల్‌గా ఉంటుంది. నీలిమందు చేసేది ఇది కాదు. అది గుడ్డలోని పసుపు ఛాయను మింగి సర్దుతుంది, అందుకే దానికి ఏ దీపమైనా ఒకటే.

ఇప్పుడు చేయాల్సింది. మళ్లీ మ్యాచింగ్‌కు వెళ్లేటప్పుడు చీర పట్టుకెళ్లండి, ఫోన్‌లో ఫొటో వద్దు. కెమెరాకు సొంత ఫిల్టర్లున్నాయి, స్క్రీన్‌కు సొంత చుక్కలున్నాయి. గుడ్డను షాపు గుమ్మం బయటికి తెచ్చి, నేరుగా ఎండ పడని చోట, చీర మీద ఆనించి చూడండి. పట్టులో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసిన డబుల్ షేడ్ అయితే వంచే కోణాన్ని బట్టి రంగు మారుతుంది, దానికి బ్లౌజ్ ఏ రంగుకు కలపాలో ముందే తేల్చుకోండి. వీలైతే నూలు బదులు పట్టు గుడ్డే తీసుకుని, చీరకు కలిసేలా డైయింగ్ చేయించండి. ఒకే రకం డై అయితే గ్రాఫులు దగ్గరగా వచ్చే అవకాశం ఎక్కువ. చీరతో వచ్చిన బ్లౌజ్ ముక్క ఉంటే ఇంకా మేలు, అది అదే రంగు తొట్టిలోంచి వచ్చి ఉంటుంది.

ఇంట్లో కొనే బల్బు పెట్టె మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, ఆ దీపం రంగులను ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పేది. మామూలు వాటికి 80 ప్రాంతం, మంచివాటికి 90 పైన. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు, అందులో నిండు ఎరుపు లెక్కలోకి రాదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంటుంది, పెట్టె మీద దాన్ని వేసిన కంపెనీ కనిపిస్తే అద్దం దగ్గరికి ఆ బల్బు కొనండి. 6500 కెల్విన్, 2700 కెల్విన్ అనేవి దీపం నీలంగా ఉందా పసుపుగా ఉందా చెబుతాయి గానీ, మధ్యలో ఏ తరంగాలు లోటో చెప్పవు.

ఫంక్షన్ ఎప్పుడో మీరు రాయలేదు. రాత్రి రిసెప్షన్, హాలంతా ఎల్‌ఈడీ దీపాలైతే ఇప్పుడున్న బ్లౌజ్ కుట్టించేసుకోండి, షాపులో కుదిరినట్టే అక్కడా కుదురుతుంది. పొద్దున ముహూర్తం, ఆరుబయట పందిరైతే మాత్రం మార్చుకోండి. వీడియోవాళ్లు హాలొజెన్ లైట్లు తెచ్చినా మార్చుకోవడమే నయం, అందులో ఎరుపు ఎండలో కన్నా ఎక్కువ.